తొమ్మిదో వరస మార్చిన రోజు

పోయిన వారం నిస్సీని బేతంచెర్ల గుట్ట కింద, స్కూటీ స్టాండు వేస్తుండగా వదిలిపెట్టాం. ఆమె అన్న ఏసుకుమార్ నందికొట్కూరు దగ్గర మొక్కజొన్న చేలో పిడుగు పడి చనిపోయి మూడు వారాలైంది. అలాంటి మబ్బును ముందే పట్టుకోవాలని ఈ గుట్ట మీద నిలబెట్టిన రేడారు నిస్సీ పనిచేసే బృందానిదే. అందులో ఫేజ్ షిఫ్టర్లనే భాగాలను డిజైను చేసింది, దగ్గరుండి బిగించింది నిస్సీయే. కొడుకును సమాధి చేసిన నాటి నుంచి తండ్రి దాసన్న ఒకటే మాట అడుగుతున్నాడు. మీ మిషనుకు ఆ మబ్బు కనపడిందా, లేదా? దానికి జవాబు తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ మధ్యాహ్నం రేడారు ముందు కూర్చున్న భూపేష్. నిస్సీ పెళ్లి చేసుకోవాలనుకున్నవాడు. ఇరవై రోజులుగా అతని ఫోన్లు ఎత్తని నిస్సీ, ఈ రోజు తనే వెతుక్కుంటూ వచ్చింది.

* * *

గుట్ట మీదికి దారి నాపరాయి గనుల పక్క నుంచి పోతుంది. విరిగిన పలకలు, పనికిరాని చెక్కలు రెండు వైపులా కుప్పలు పోసి ఉంటాయి. పొద్దు ఇంకా పైకి రాకముందే రాయి వేడెక్కడం మొదలుపెట్టింది. కింద రైలు స్టేషను వైపు లోడు లారీ ఒకటి గేరు మార్చుకుంటూ మూలుగుతూ పోయింది. నిస్సీ ఎక్కడా ఆగలేదు. ఆగితే వెనక్కి పోతానేమోనని భయం.

రేడారంటే గిరగిరా తిరిగే గొడుగును ఊహించుకుని వచ్చేవాళ్లకు ఇక్కడ చూడటానికి ఏమీ ఉండదు. ఉత్తరానికి ముఖం పెట్టి నిలబెట్టిన తెల్లటి పలక, రెండు తలుపులంత వెడల్పు. అది కదలదు. దాని చూపు మాత్రం కదులుతుంది. పలకలో పదహారు నిలువు వరసలు, ఒక్కో వరస వెనక ఒక ఫేజ్ షిఫ్టర్. పక్క వరస కన్నా ఈ వరస తన తరంగాన్ని రవ్వంత ఆలస్యంగా వదిలితే, అన్నీ కలిసి బయల్దేరే కిరణం ఒక పక్కకు వంగుతుంది. ఆ ఆలస్యాలను మార్చుకుంటూ పోతే, పలక నిలబడ్డ చోటే నిలబడి, తూర్పున నల్లమల నుంచి పడమట కర్నూలు దాకా రెప్పపాటులో కలయజూస్తుంది.

చిక్కంతా ఆ ఆలస్యం చేసే చోటే. తరంగం ఫేజ్ షిఫ్టర్‌లో దూరి బయటికొచ్చేలోపు కొంత వేడిగా మారి వృథా అయిపోతుంది. మొదట్లో నూరు పాళ్లు పంపితే డెబ్బై వచ్చేవి. మబ్బును తాకి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే దారి, మళ్లీ అదే తరుగు. సగం చూపు అక్కడే పోయేది. నిస్సీ మూడేళ్లు కూర్చుని ఆ తరుగును తగ్గించింది. పదిహేను వరసలు ఆమె మాట విన్నాయి. తొమ్మిదోది వినలేదు. ఎండ ముదిరితే దాని తరుగు పెరిగేది, ఆలస్యం లెక్క తప్పేది, కిరణంలో కొంత పక్కదారి పట్టేది. అప్పుడు ఎక్కడో నల్లమల మీద కురిసే వాన నందికొట్కూరు మీద ఉన్నట్టుగా తెర మీద మెరిసేది. లేని మబ్బు. భూపేష్ దానికి దయ్యం మబ్బని పేరు పెట్టాడు.

ఆ దయ్యం మబ్బును నమ్మి రెండుసార్లు ఊళ్లకు కబురు పంపారు. రెండుసార్లూ కూలీలు చేలు వదిలి ఇళ్లకు పరిగెత్తారు. రెండుసార్లూ చినుకు పడలేదు. రెండోసారి ఊళ్లో నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఏసుకుమారే. చెల్లెలు చేసిన మిషను కదా, నవ్వే హక్కు తనకే ఉందన్నాడు. ఆ తర్వాత ప్రాజెక్టు పెద్ద ఉమామహేశ్, తొమ్మిదో వరస బాగయ్యేదాకా ఊళ్లకు కబుర్లు పంపొద్దని ఆపేశాడు.

రేకుల గది తలుపు తీసే ఉంది. లోపల భూపేష్ బల్ల మీది వస్తువులు సర్దుతున్నాడు. గడ్డం మాసిపోయి, కళ్లు లోపలికి పోయి, వేరే మనిషిలా ఉన్నాడు. ఆమెను చూసి చేతిలో ఉన్న వైరు చుట్ట కింద పెట్టాడు.

"రా నిస్సీ. కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. మా నాయనకు జవాబు చెప్పల్ల." ఆమె గడప దగ్గరే నిలబడింది. "ఆ పొద్దు తెర మీద ఏమన్నా కనపడిందా?"

భూపేష్ కుర్చీ వెనక్కి జరిపి, కూర్చోకుండా దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"కనపడింది."

నిస్సీ ఈ మాట కోసం సిద్ధపడి రాలేదు. ఇరవై రోజులుగా ఆమె మనసులో పెట్టుకున్నది వేరే. అంత దూరానికి రేడారు చూపు ఆని ఉండదు, తను తగ్గించిన తరుగు చాలి ఉండదు, మిషను గుడ్డిది అనుకుంది. తన మూడేళ్ల పని ఓడిపోయి ఉండాలని రోజూ ప్రార్థన చేసినట్టు కోరుకుంది. ఓడిపోలేదు.

"ఎంత ముందు?"

"శానా ముందే. ముప్పావు గంట ఉంటాది. మొదలు చిన్న చుక్క. తర్వాత పైకి లేచింది. బాగా లేచింది."

"మా చేనుండే చోటా?"

"సరిగ్గా ఆడనే."

మా చేను అనడం పొరపాటని నిస్సీకి తట్టింది. అన్న చేను అనాలి. బయటికి చూస్తూ నిలబడింది.

"మరి నువ్వేం చేసినావు?"

"దయ్యం మబ్బనుకున్నా. మళ్లా తొమ్మిదో వరసే ఆట ఆడతాండాదిలే అనుకున్నా. ఊళ్లకు చెప్పొద్దని సార్ ముందే చెప్పినాడు కదా. ఊరికే ఉండిపోయినా."

"ఊళ్లకు చెప్పొద్దన్నాడు. మా అన్నకు చెప్పొద్దనలేదే. నీ దగ్గర నంబరుండాది. దినామూ మాట్లాడుకునేటోళ్లు మీరు. ఒక్క ఫోను భూపేష్."

"చేయలే."

"ఒక్క ఫోను."

"చేయలేదు నిస్సీ. నాదే తప్పు."

బయట గాలికి రేకు ఒకటి టపటపమంది. నిస్సీ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"నీకు తెలియని సంగతి ఒకటుండాది," అంది. "ఆ పొద్దు తొమ్మిదో వరసలో పాత ఫేజ్ షిఫ్టర్ లేదు. తెల్లారేసరికే వచ్చి నేనే మార్చేసినా. కొత్తది పెట్టి సరిచూసి, పాతది తీసుకుని కర్నూలు పోయినా. నువ్వు వచ్చేలోపల వెళ్లిపోవాలనే పోయినా. నీ ముఖం చూడకూడదని."

అంతకు నాలుగు రోజుల ముందు ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. భూపేష్ వాళ్లది మైదుకూరు దగ్గర పెద్ద వ్యవసాయం. నిస్సీ వాళ్లది చర్చి పక్కన రెండు గదుల ఇల్లు, మూడెకరాల చేను. పెళ్లి సంగతి ఇంట్లో చెప్పి వస్తానని భూపేష్ మూడుసార్లు మైదుకూరు పోయాడు. మూడుసార్లూ తండ్రి తిమ్మయ్య ముందు కూర్చుని, వానల గురించి, పసుపు ధర గురించి మాట్లాడి తిరిగొచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు నిస్సీ ఇక మాట్లాడటం మానేసింది. వరస మార్చిన సంగతి ఒక మెసేజి పెడితే సరిపోయేది. పెట్టలేదు. అతనే అడగనీ అనుకుంది.

"కొత్తది పెట్టినాక ఇంక దయ్యం మబ్బు రాదు," అంది. "ఆ పొద్దు నీకు కనపడింది నిజం మబ్బే. నీకు చెప్పింటే..."

"నాకు తెలుసు."

నిస్సీ తలెత్తింది.

"మర్నాడు పలక వెనక తలుపు తీసినప్పుడు చూసినా. తొమ్మిదో వరసలో కొత్త డబ్బా మెరుస్తా ఉండె." భూపేష్ కిందికి చూస్తూ, ఒక్కో మాట పేర్చుకుంటున్నట్టు అన్నాడు. "దానికీ దీనికీ సంబంధం లేదు. నువ్వు చెప్పినా చెప్పకున్నా నేను ఫోను చేసిండాల. చేయలే. అంతే. ఆ డబ్బా మాట ఇంకెవురితోనూ అనొద్దు."

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

అతను వైరు చుట్టను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"మధ్యాహ్నం మూడింటికి కర్నూల్లో విచారణ కమిటీ కూర్చుంటాది," అన్నాడు. "ఆడా ఇదే చెప్తా. మబ్బు కనపడింది, చూసి ఊరికే ఉండిపోయినానని. ఉద్యోగం పోతాది. కేసు పెడితే పెట్టనీ. నువ్వు రావద్దు నిస్సీ. నీకేం పని లేదు ఆడ."

ఆమె లేచింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. దాని బదులు వచ్చిన మాటలు ఆమెకే కొత్తగా వినిపించాయి.

"మా అన్న నిన్ను బావా అని పిలిచేటోడు. ఇంగా మీ ఇంట్లో నా పేరన్నా తెలియనప్పటి నుంచి పిలిచేటోడు. మీ నాయనకు ఒక్క మాట చెప్పలేకపోయినావు. సరే, పెద్దాయన, భయమనుకున్నా. మా అన్నకూ ఒక్క మాట చెప్పలేకపోయినావు. నీకు నోరెందుకిచ్చినాడో ఆ దేవుడు."

భూపేష్ దెబ్బకు వీపు చూపించినట్టు నిలబడ్డాడు.

"ఇంక నాకు కనపడొద్దు," అని నిస్సీ గుట్ట దిగింది.

* * *

నందికొట్కూరు దాకా దూరం తక్కువేమీ కాదు. స్కూటీ దానంతటదే పోతున్నట్టు పోయింది. నాపరాళ్ల లారీలు దాటిపోయినప్పుడల్లా తెల్లటి దుమ్ము ముఖాన కొట్టింది. ఆమె కళ్లు కూడా తుడుచుకోలేదు.

ఆ మధ్యాహ్నం తను ఎక్కడుందో పదే పదే గుర్తొచ్చింది. కర్నూల్లో కాలేజీ వాళ్ల పరీక్ష గది. గోడలకూ కప్పుకూ నల్లటి స్పాంజి ముళ్లు అతికించి, చుట్టూ ఇనుప రేకు మూసిన గది. బయటి తరంగం ఒక్కటి కూడా లోపలికి రాదు, అందుకే ఫోను కూడా పలకదు. పాత ఫేజ్ షిఫ్టర్‌ను హీటరు మీద పెట్టి, వేడి పెంచుతూ, ఎక్కడ తప్పుతోందో చూస్తూ గంటలు గడిపింది. చివరికి దొరికింది. అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక. సంతోషంగా బయటికొస్తే, భూపేష్ రెండుసార్లు చేసినట్టు ఫోనుకు మెసేజి వచ్చింది. క్షమించమని అడగడానికి చేసి ఉంటాడులే అనుకుని, ఇంకాసేపు ఆగనీ అని బ్యాగులో వేసుకుంది. ఆ తర్వాత మోగింది నాయన ఫోను.

అప్పటికే అంతా అయిపోయింది. తిరిగి చేసినా ఒరిగేది లేదు. ఆ సంగతి తెలిసినా ఆ రెండు పిలుపులు ఆమెను వదల్లేదు. తన కోసం రెండుసార్లు చేసిన మనిషి, అన్నకు ఒక్కసారి ఎందుకు చేయలేదు?

* * *

వాకిట్లో కంకుల కుప్ప ఉంది. ఏసుకుమార్ విరవగా మిగిలిన చేనును చర్చి వాళ్లే నలుగురు కలిసి విరిచి, ట్రాక్టరులో తెచ్చి పోసి పోయారు. దాసన్న కుప్ప ముందు కూర్చుని ఒక్కో కంకి పొట్టు ఒలుస్తున్నాడు. ఎండబెట్టాలని కాదు, అమ్మాలనీ కాదు. చేతులకు పని కావాలి. గడప లోపల, గోడకు ఆనుకుని రాహేలమ్మ కూర్చుని ఉంది. కొడుకు పోయిన నాటి నుంచి ఆమె ఆ చోటు వదల్లేదు. చర్చికి పోలేదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసినా ఆమెన్ అనలేదు. పెడితే తింటుంది. పిలిస్తే చూస్తుంది. మాట లేదు.

నిస్సీ స్కూటీ ఆపగానే దాసన్న తలెత్తాడు.

"అడిగినావా పాపా?"

"అడిగినా నాయనా."

"కనపడిందంటనా?"

అబద్ధం చెప్పొచ్చని ఆ క్షణంలో అనిపించింది. మబ్బు కనపడలేదంటే నాయన దేవుని చిత్తం అనుకుని, ఎప్పటికో ఒకప్పటికి నిద్రపోతాడు.

"కనపడింది," అంది.

దాసన్న చేతిలోని కంకి చేతిలోనే ఉండిపోయింది. సగం ఒలిచిన పొట్టు గాలికి ఊగింది.

"అయితే మా వోడు చావాల్సినోడు కాదు," అన్నాడు, మెల్లగా, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

నిస్సీ అతని పక్కన నేల మీద కూర్చుంది. అన్నీ చెప్పింది. దయ్యం మబ్బు అంటే ఏమిటో, తొమ్మిదో వరస ఎందుకు తప్పిందో, తను దాన్ని ఎప్పుడు మార్చిందో, భూపేష్‌కు ఎందుకు చెప్పలేదో. అక్కడ ఆగి, "ఆ పిల్లోన్ని చేసుకోవాలనుకున్నా నాయనా. నీకు చెప్పలే," అంది.

"మీ అన్న చెప్పినాడులే నాకు. ఎండాకాలంలోనే." దాసన్న కంకిని కుప్ప మీదికి విసరలేదు, జాగ్రత్తగా పెట్టాడు. "వాడు మన ఇంట్లో అన్నం తిన్న పిల్లోడు. మీ అన్నతో కలిసి ఈడనే, ఈ అరుగు మీదనే నిద్రపోయినోడు. ఒక్క ఫోను చేయలేకపోయినాడా?"

"చేసినాడు."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. మాట గడప లోపలి నుంచి వచ్చింది. ఇన్నాళ్లు వాడని గొంతు బొంగురుపోయి, రాహేలమ్మదిలా లేదు.

"ఏమంటాండావే?" అన్నాడు దాసన్న.

"ఫోను చేసినాడు ఆ పిల్లోడు. నేనాడనే ఉండా."

నిస్సీ లేచి తల్లి ముందుకు పోయి కూర్చుంది. రాహేలమ్మ కూతురి ముఖంలోకి చూడలేదు. తన అరచేతుల్లోకి చూసుకుంటూ చెప్పింది.

"సద్ది తీసకపోయిండా. తినేసి లేస్తాంటే ఫోనొచ్చె. ఎవుర్రా అంటే, బావ అన్నాడు. నవ్వుకుంటా మాట్లాడినాడు. ఏం బావా, మళ్లా దయ్యం మబ్బు వచ్చిందా అన్నాడు. ఆ పిల్లోడు శానాసేపు చెప్పినాడు. వీడు వింటా వింటా నవ్వు ఆపేసినాడు. కచ్చితమేనా అని అడిగినాడు. రెండుసార్లు అడిగినాడు. నువ్వే కచ్చితంగా చెప్పలేకపోతే నేనెట్ల నమ్మల్ల బావా, అని పెట్టేసినాడు."

దాసన్న లేచి వచ్చి గడప బయట నిలబడ్డాడు.

"నాతో ఏమన్నాడంటే, అమ్మా, వస్తాదో రాదో గానీ నువ్వు ఇంటికి పో, ముసలిదానివి తడుస్తావు. నేను ఈ రెండు సాళ్లు ఇరిచేసి వెనకాలే వస్తా అన్నాడు. ఆకాశం చూస్తే ఏమీ లేదు. పడమటి పక్క కొంచెం నల్లగా ఉన్నట్టుండె. నువ్వు కూడా రారా అంటి. పోమ్మా అన్నాడు. వచ్చేస్తి. నేను వంక దాటినా, ఊరి మొదట్లోకి వచ్చినా. అప్పుడు ఇనపడింది."

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదే?" అన్నాడు దాసన్న. గొంతులో కోపం లేదు.

"ఏమని చెప్పాల? కొడుకును చేలో ఇడిసిపెట్టి నేనొక్కదాన్నే ఇంటికి వచ్చినానని చెప్పాలనా? ఆ ఫోను వచ్చిండబట్టే నేను ఈడ కూర్చోనుండా. వాడు నన్ను పంపిచ్చి, వాడు నిలబడిపోయినాడు." ఆమె గోడ వైపు తిరిగింది. "సమాధి కాడ ఆ పిల్లోడు నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చినాడు. నేను సరిగ్గా చెప్పలేకపోయినా అమ్మా అన్నాడు. నిస్సీకి తెలియనీయొద్దు, నేను చేయలేదనే చెప్తా, నువ్వూ అట్లనే ఉండు అన్నాడు. సరే అంటి. నాకూ అదే మేలనిపిచ్చె. ఉన్న బిడ్డన్నా నిలబడల్ల కదా."

నిస్సీకి ఇప్పుడు మొత్తం కనపడింది. భూపేష్ ఆ మధ్యాహ్నం ముందు తనకు చేశాడు, తొమ్మిదో వరస ఎలా ఉందో అడగడానికి. తను ఇనుప గదిలో ఉంది. అందలేదు. మబ్బు నిజమో దయ్యమో తేల్చుకోలేక, సార్ ఆపమన్నా ఆగలేక, అన్నకు చేశాడు. కచ్చితమేనా అని అన్న అడిగాడు. వరస మార్చిన సంగతి తెలిసుంటే, కచ్చితం, పరిగెత్తు బావా అని ఉండేవాడు. తెలియదు. తను చెప్పలేదు. ఫోను చేశానని అతను ఒప్పుకుంటే, మరి గట్టిగా ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అక్కడి నుంచి దారి నేరుగా నిస్సీ దగ్గరికి వస్తుంది. ఆ దారి మూసేయడానికి, అసలు ఫోనే చేయలేదంటున్నాడు. అలాంటి మనిషిని నీకు నోరెందుకని అడిగి వచ్చింది.

ఆమె నుదురు తల్లి మోకాళ్లకు ఆనింది. గుట్ట మీద రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. రాహేలమ్మ చేయి చాలాసేపు గాల్లోనే ఆగి, తర్వాత కూతురి తల మీద పడింది.

* * *

భూపేష్ ఫోను ఎత్తలేదు. నాలుగోసారి కట్టేసి ఉంది. నిస్సీ ఉమామహేశ్‌కు చేసింది. ఆయన గుసగుసగా మాట్లాడాడు, వరండాలో నిలబడి ఉన్నట్టుంది.

"వాళ్లు ముందే మొదలుపెట్టారమ్మా. చైర్‌పర్సన్‌గారికి సాయంత్రం రైలుందట. భూపేష్ చెప్పడం అయిపోయింది. కాగితం టైపు చేస్తున్నారు. సంతకం పెడితే ఇక అతను ఉద్యోగంలోంచి బయటికి, మిషను మీద మాత్రం మచ్చ పడదు. అందరికీ అదే కావాలి."

"అతను చెప్పింది అబద్ధం సార్. ఫోను చేసినాడు. మా అమ్మ విన్నాది."

అవతల లోపలెక్కడో ప్రింటరు తిరుగుతున్న శబ్దం వినిపించింది.

"నిస్సీ," అన్నాడు ఉమామహేశ్. "నేను నీ పెద్దన్న లాంటివాడిని కాబట్టి చెప్తున్నా. మీ అమ్మ మాట్లాడితే, తర్వాతి ప్రశ్న నీ దగ్గరికే వస్తుంది. తొమ్మిదో వరస మార్చి ఎవరికీ చెప్పలేదని అందరి ముందూ తేలుతుంది. నీ ఉద్యోగం పోతుంది. ఆ డిజైను మళ్లీ ఎవరూ ముట్టుకోరు. మూడేళ్ల పని. ఆలోచించుకో."

"ఆలోచించినా సార్. ఫోను లోపలికి తీసుకుపోండి."

అడుగుల చప్పుడు, తలుపు, ఎవరో విసుక్కోవడం, ఉమామహేశ్ ఏదో సర్దిచెప్పడం. నిస్సీ స్పీకరు పెట్టి ఫోను తల్లి ముందు పట్టుకుంది. రాహేలమ్మ దాన్ని కూతురి చేతిలోంచి తీసుకుంది. గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఇరవై రోజుల తర్వాత గడప దాటి వాకిట్లోకి, కంకుల కుప్ప దగ్గరికి నడిచింది. దాసన్న పక్కకు జరిగి చోటిచ్చాడు.

"అప్పా, పెద్దోళ్లంతా కూర్చోనుండారంట," అంది. "నేను ఏసుకుమార్ అమ్మను. పిడుగు పడి చచ్చిపోయిన పిల్లోని అమ్మను. ఆడ మీ ముందర ఉండే భూపేష్ అబద్ధం చెప్తాండాడు. నా కొడుకుకు ఫోను చేసినాడు. నేను నా చెవులతో విన్నా. ఆ ఫోను వల్లనే నేను బతికుండా."

ఫోనులో కుర్చీ ఒకటి గట్టిగా జరిగింది. "అమ్మా, పెట్టేయమ్మా," అని ఎవరో అడ్డంపడ్డారు. భూపేష్ గొంతు అది. "నా మాట ఇను, పెట్టేయి."

"నువ్వుండప్పా," అంది రాహేలమ్మ. "నువ్వు శానా మోసినావు."

ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. పెద్ద వయసు, నిదానం, కరుకుదనం లేదు. చైర్‌పర్సన్ అయి ఉంటుంది.

"చెప్పండమ్మా, మేం వింటున్నాం. మీ బాధ మాకు అర్థమవుతుంది. కానీ ఒక్క సంగతి తెలియాలి. ముప్పావు గంట ముందే మబ్బు కనపడింది, ఫోనూ వచ్చింది కదా. మరి మీ అబ్బాయి ఎందుకు రాలేదు? ఈ భూపేష్ అతనికి గట్టిగా ఎందుకు చెప్పలేకపోయాడు?"

రాహేలమ్మ ఫోనును రెండో అరచేత్తో మూసి, కూతురి వైపు తిరిగింది. ఇరవై రోజుల్లో మొదటిసారి ఆ ముఖంలోకి నేరుగా చూసింది.

"ఏం చెప్పమంటావు పాపా?" అని అడిగింది.